షూటింగ్ రేంజ్‌లో దేన్ని కాల్చొచ్చు, దేన్ని కాల్చకూడదు?

2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన షూటర్లు మూడు కాంస్యాలు తెచ్చారు. మను భాకర్ ఒకటి, సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి ఇంకొకటి, స్వప్నిల్ కుసాలే మూడోది. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కూడా అక్కడ పోటీ పడింది. ఆ తర్వాత తిరుపతి, చిత్తూరు లాంటి ఊళ్ళలోనూ ‘మావాణ్ణి షూటింగ్‌లో చేర్పిస్తే ఎలా ఉంటుంది?’ అని అడిగే తల్లిదండ్రులు కనిపిస్తున్నారు. చేర్చిన మొదటి వారంలోనే వాళ్ళకొచ్చే సందేహం ఒకటుంది. అరచేయంత అట్టముక్క తప్ప ఇంకేమీ పెట్టనివ్వరెందుకు? ఖాళీ సీసా పెడితే ఏం పోతుంది? గంగమ్మ జాతరలో బెలూన్లు కాల్చడం లేదా?

లైసెన్సు తుపాకీ ఉన్న పెద్దాయన ప్రశ్న వేరు. ‘ఆత్మరక్షణకే కదా లైసెన్సు ఇచ్చింది. మనిషి బొమ్మ పెట్టి ప్రాక్టీసు చేస్తానంటే రేంజ్‌లో కుదరదంటున్నారు’ అంటాడు. ఇక ఎవరో ఒక నాయకుడి ఫోటో పెట్టి కాల్చి వీడియో పెడతారు. అది నేరమా, భావప్రకటనా అని నాలుగు రోజులు చర్చ నడుస్తుంది.

ఈ ప్రశ్నలన్నీ ఒకటే అనిపిస్తాయి గానీ వీటికి జవాబులు ఒకేచోట లేవు. టార్గెట్ విషయంలో ‘వద్దు’ అనే మాట నాలుగు వైపులనుంచి వస్తుంది. పోటీ నిబంధనలు ఒకటి, గుండు ఎటు పోతుందన్న భద్రత రెండోది, దేశంలోని చట్టాలు మూడోది, రేంజ్ నడిపేవాళ్ళ సొంత నియమాలు నాలుగోది. ఒక రేంజ్‌లో ఒప్పుకున్నది ఇంకోచోట ఒప్పుకోకపోవడానికి కారణం మామూలుగా ఈ నాలుగో దాంట్లో ఉంటుంది. ఎక్కడికెళ్ళినా ఒప్పుకోనివాటికి మూలం మొదటి మూడింట్లో దొరుకుతుంది.

ముందు రెండు మూడు మాటలు

టార్గెట్ అంటే కాల్చే గురి. అది కాగితం కావచ్చు, మట్టి పళ్ళెం కావచ్చు, ఇనప రేకు కావచ్చు. దాని వెనక గుండును ఆపే ఏర్పాటును బ్యాక్‌స్టాప్ అంటారు. పోలీసులు, ఎన్‌సీసీ వాళ్ళు బట్ అంటారు. ఒక్కో షూటర్ నిలబడే వరుస లేన్. అందరినీ కనిపెట్టుకుని ఉండి, ‘ఆపండి’ అంటే అందరూ ఆపాల్సిన మనిషి రేంజ్ ఆఫీసర్. చాలామంది టార్గెట్‌నే చూస్తారు గానీ, నియమాల్లో సగం దాని వెనకున్న బట్ గురించే పుట్టాయి.

అర మిల్లీమీటరు చుక్క

ప్రపంచస్థాయి పోటీల నిబంధనలు రాసేది అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య, అంటే ఐఎస్‌ఎస్‌ఎఫ్. మన దగ్గర 1951లో పెట్టిన జాతీయ రైఫిల్ సంఘం ఆ నిబంధనలనే అనుసరిస్తుంది. అందులో టార్గెట్ కొలతలు మిల్లీమీటర్లలో ఉంటాయి.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్ 80 మిల్లీమీటర్ల చదరపు అట్ట. అన్నిటికన్నా బయటి వలయం, అంటే ఒక్క పాయింటు వచ్చేది, 45.5 మి.మీ. వ్యాసం. మధ్యలోని నల్లటి భాగం 30.5 మి.మీ. నడిబొడ్డున పది పాయింట్ల చుక్క కేవలం 0.5 మి.మీ. ఎయిర్ పిస్టల్ ఒంటిచేత్తో కాలుస్తారు కాబట్టి దాని టార్గెట్ పెద్దది: పదో వలయం 11.5, బయటి వలయం 155.5, నల్లటి భాగం 59.5 మి.మీ. 50 మీటర్ల రైఫిల్‌కు పదో వలయం 10.4 మి.మీ. 25 మీటర్ల ప్రెసిషన్ పిస్టల్‌కైతే 50 మి.మీ. 10 మీటర్ల పోటీలో టార్గెట్ మధ్యభాగం నేలనుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉండాలి. అయిదు సెంటీమీటర్లు అటూ ఇటూ చెల్లుతుంది.

అర మిల్లీమీటరు చుక్కను 10 మీటర్ల దూరంనుంచి ఎలా కొడతారు? ఇక్కడ చిన్న లెక్క ఉంది. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ 4.5 మి.మీ. వ్యాసం. పెల్లెట్ అంచు చుక్కను తాకితే చాలు, పది వచ్చినట్టే. చుక్క వ్యాసార్ధం 0.25, పెల్లెట్ వ్యాసార్ధం 2.25. రెండూ కలిపితే 2.5. అంటే పెల్లెట్ మధ్యభాగం టార్గెట్ మధ్యనుంచి 2.5 మి.మీ. లోపల పడితే పది, 5 మి.మీ. లోపల పడితే తొమ్మిది, 7.5 లోపల ఎనిమిది. పదిలోనూ మళ్ళీ పది భాగాలుంటాయి, అందుకే అత్యధిక స్కోరు 10.9. ఎయిర్ రైఫిల్ అర్హత పోటీల్లో 60 షాట్లకు గరిష్ఠం 654 అని రావడం ఇందువల్లే.

ఇప్పుడు ఇంట్లో జరిగేది చూద్దాం. కోచ్ ఇచ్చిన టార్గెట్లు అయిపోతే నాన్న నెట్‌లో బొమ్మ దించి, జిరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తాడు. ప్రింటర్ తనంతట తాను పేజీకి సరిపడేలా 95 శాతానికి కుదించిందనుకోండి. చూడటానికి తేడా తెలియదు. కానీ తొమ్మిదో వలయం 5.5నుంచి 5.225 మి.మీ.కు తగ్గిపోయింది. తొమ్మిది రావాలంటే పెల్లెట్ మధ్యభాగం ఇప్పుడు 4.86 మి.మీ. లోపలే పడాలి. పిల్లాడు మధ్యనుంచి 4.9 మి.మీ. దూరంలో కొట్టాడు. అసలు టార్గెట్ మీద అది తొమ్మిది, జిరాక్స్ మీద ఎనిమిది. 105 శాతానికి పెరిగితే ఉల్టా: ఇంట్లో బాగా వచ్చి, పోటీలో తగ్గుతుంది. పిల్లాడికి టెన్షన్ వల్ల స్కోరు పడిపోయిందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు.

ఇంకో తేడా కాగితంలో ఉంది. మామూలు జిరాక్స్ కాగితం పెల్లెట్ తగిలితే చిరిగిపోతుంది, గుండ్రటి రంధ్రం పడదు. అంచు వలయాన్ని తాకిందా లేదా అన్నది చూడ్డానికి వీలుండదు. అందుకే నిబంధనల్లో మెరుపు లేని రంగు, ఎక్కువగా చిరగని కాగితం అడుగుతారు. పెద్ద పోటీల్లో ఇప్పుడు ఎలక్ట్రానిక్ టార్గెట్లు వచ్చి ఈ తగువు తీరిపోయింది. చిన్న ఊళ్ళలో మాత్రం చాలాచోట్ల కాగితమే, పుల్లీకి కట్టి లాక్కోవడమే.

కాబట్టి కోచ్ ‘ఈ అట్టే’ అన్నప్పుడు అది భద్రత మాట కాదు, చట్టం మాట అంతకన్నా కాదు. స్కోరు లెక్క మాట. పోటీకి వెళ్ళని వాళ్ళకు ఈ మొదటి ‘వద్దు’ వర్తించదు.

పావురాలనుంచి మట్టి పళ్ళేల దాకా

ఏది టార్గెట్ అన్నది కాలంతో మారుతూ వచ్చింది. 1900 పారిస్ ఒలింపిక్స్ సమయంలో బతికున్న పావురాలను వదిలి కాల్చే పోటీ జరిగింది. దాదాపు 300 పక్షులు చచ్చాయని చెబుతారు. తర్వాత ఆ జాగాలోకి పూర్తిగా మట్టి పళ్ళేలు వచ్చేశాయి. ఇప్పటి ట్రాప్, స్కీట్ పోటీల్లో గాల్లోకి ఎగిరే పళ్ళెం 110 మి.మీ. వ్యాసం, సుమారు 105 గ్రాముల బరువు. మట్టి అంటారు గానీ ఎక్కువగా సున్నపురాయి పొడి, తారు లాంటి కీలు కలిపి చేస్తారు. 2004 ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ రాథోడ్‌కు డబుల్ ట్రాప్‌లో వెండి పతకం తెచ్చినవి ఇలాంటి పళ్ళేలే. వీటిలోనూ ఒక చిక్కుంది. కీలు ఉన్న ముక్కలు తిని పందులు చచ్చిన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. పశువులు తిరిగే బీడులో ట్రాప్ రేంజ్ పెట్టేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

1908నుంచి కొన్ని ఒలింపిక్స్‌లో పరిగెత్తే జింక పోటీ ఉండేది. అది పట్టాలమీద కదిలే జింక బొమ్మ. ఆ తర్వాత దాని చోట అడవిపంది బొమ్మ వచ్చింది. 25 మీటర్ల రాపిడ్ ఫైర్ పిస్టల్ పోటీలో 1980ల దాకా నిలబడిన మనిషి ఆకారాన్నే కాల్చేవారు. హంగరీ సైనికుడు కారోలీ టకాచ్ సంగతి చాలామందికి తెలుసు. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పోతే, ఎడమచేత్తో నేర్చుకుని 1948, 1952లలో బంగారం గెలిచాడు. ఆయన గెలిచింది ఆ మనిషి ఆకారాల మీదే. 2012 లండన్‌లో విజయ్ కుమార్ వెండి గెలిచే నాటికి అదే పోటీలో నల్లటి గుండ్రటి టార్గెట్లున్నాయి. ఎనిమిది, ఆరు, నాలుగు సెకన్లలో అయిదు టార్గెట్లకు అయిదు గుళ్ళు కొట్టాలన్న పద్ధతి మాత్రం ఉండిపోయింది.

నేను దీన్ని గుర్తుచేయడానికి కారణం ఉంది. ‘క్రీడలో మనిషి బొమ్మ ఎప్పుడూ లేదు, ఇదంతా ఇప్పటి సినిమాల పైత్యం’ అనేవాళ్ళున్నారు. ఉండేది. కావాలనే తీసేశారు.

గుండు ఎక్కడ ఆగుతుంది?

భద్రత సంగతికొస్తే అసలు లెక్క గుండు శక్తిది. పోటీ ఎయిర్ రైఫిల్ పెల్లెట్ సుమారు అర గ్రాము బరువు, సెకనుకు 175 మీటర్ల వేగం. శక్తి ఎనిమిది జౌల్స్ దగ్గర. పాయింట్ టూటూ (0.22 అంగుళాల) రైఫిల్ గుండు 2.6 గ్రాములు, సెకనుకు 330 మీటర్లు అనుకుంటే 140 జౌల్స్, అంటే పదిహేడు రెట్లు. ట్వెల్వ్ బోర్ షాట్‌గన్ తూటాలోని రవ్వలన్నీ కలిపితే వేయి జౌల్స్ దాటిపోతుంది. ఎయిర్ రైఫిల్ పెల్లెట్‌ను ఆపే రేకు పెట్టెను పాయింట్ టూటూ గుండు చిల్లు పెట్టుకుపోతుంది. ‘ఆ రేంజ్‌లో ఇనప టార్గెట్ కాల్చనిచ్చారు, ఇక్కడెందుకు వద్దంటారు’ అనేవాళ్ళు ముందు చెప్పాల్సింది ఏ ఆయుధంతో అన్నది.

రెండోది గుండు తగిలాక ఏం చేస్తుందన్నది. కాగితం, బెలూన్, నురగ బొమ్మ లాంటి మెత్తటివి గుండును ఆపవు, దారీ మార్చవు. అది నేరుగా బట్‌లోకి పోతుంది. గట్టివి అలా కాదు. రాయి, గాజు సీసా, కాంక్రీటు, నీళ్ళు, గట్టి చెక్క గుండును పక్కకు తిప్పుతాయి, కొన్ని వెనక్కే పంపుతాయి. కోణం ఎంత తక్కువైతే అంత ప్రమాదం. క్యారమ్ బోర్డు అంచుకు ఏటవాలుగా తగిలిన స్ట్రైకర్ ఎటు పోతుందో ఆడినవాళ్ళకు తెలుసు. సీసాతో ఇంకో బాధ ఉంది, పగిలిన గాజు రేంజ్ నేలమీద ఉండిపోతుంది. పడుకుని కాల్చే పొజిషన్ ఉన్న క్రీడలో దాన్ని ఎవరు భరిస్తారు?

చిత్తూరు జిల్లాకు దీనితో నేరుగా సంబంధం ఉంది. కుప్పం వైపు గ్రానైట్ క్వారీలు తవ్వి వదిలేసిన గుంతలున్నాయి. మూడువైపులా నిలువెత్తు రాతిగోడ, చుట్టూ జనం లేరు. చూసేవాళ్ళకు సహజంగా కట్టిన రేంజ్‌లా అనిపిస్తుంది. అసలు అంతకన్నా అధ్వాన్నమైన బట్ దొరకదు. సీసం గుండు గ్రానైట్‌కు తగిలితే పగిలి ముక్కలుగా చెదరడమో, పక్కకు మళ్ళి పోవడమో తప్ప ఆగడమంటూ ఉండదు. పాయింట్ టూటూ గుండును ఏ అడ్డూ లేకుండా వదిలితే కిలోమీటరున్నర దాకా పోగలదు. రాతిగోడకు బదులు రాళ్ళు ఏరేసిన మట్టికట్ట ఉంటే కథ వేరు. పైగా లైసెన్సు తుపాకీ ఉన్నా సరే ఏ గుంతలో పడితే ఆ గుంతలో కాల్చడానికి లేదు. రైఫిల్ క్లబ్బులకు, ఫైరింగ్ రేంజ్‌లకు 2016 ఆయుధ నిబంధనల్లో వేరే లైసెన్సు ఉంది.

ఇనప రేకులు పూర్తిగా నిషిద్ధమేమీ కాదు. ప్రాక్టికల్ షూటింగ్ అనే క్రీడలో అవి రోజూ వాడతారు. కాకపోతే రేకు బాగా గట్టి ఉక్కుదై ఉండాలి, ఉపరితలం గుంటలు పడకుండా నున్నగా ఉండాలి, ముక్కలు కిందికి పోయేలా అమర్చాలి. పిస్టల్‌తో కనీసం ఏడు మీటర్ల దూరం ఉండాలి. గుంట పడిన రేకు ముక్కల్ని కాల్చినవాడి మొహం వైపే విసురుతుంది. పాత గేటు తలుపు, గ్యాస్ సిలిండర్ మూత లాంటివి పెడతానంటే రేంజ్ ఆఫీసర్ ఒప్పుకోకపోవడం ఇందుకే.

మరి జాతరలో బెలూన్ల సంగతి? తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఒకసారి ఆ ఎయిర్ గన్ పట్టుకునే ఉంటారు. బెలూన్‌లో తప్పేమీ లేదు, అది మెత్తటి టార్గెట్. చూడాల్సింది బెలూన్ కట్టిన పలక. దాని వెనక గుడ్డో, మందపాటి అట్టో వేలాడుతుంటే పెల్లెట్ అక్కడే చతికిలబడుతుంది. గట్టి రేకో చెక్కో మాత్రమే ఉంటే, మూడు నాలుగు మీటర్ల దూరంలో పెల్లెట్ వెనక్కి ఎగిరే అవకాశం ఉంది. అక్కడ కళ్ళద్దాలు పెట్టుకున్నవాడు ఒక్కడూ ఉండడు, పక్కన పిల్లలు ఆనుకుని నిలబడి ఉంటారు. చాలా రేంజ్‌లు కొత్తగా వచ్చిన పిల్లలకు సరదాగా బెలూన్లు కట్టిస్తాయి, తేడా ఆ వెనక ఏర్పాటులోనే ఉంది.

డాబా మీద 10 మీటర్ల లేన్ పెట్టుకున్న ఇల్లు తిరుపతి భవానీ నగర్‌లో ఉందనుకుందాం. 20 జౌల్స్ లోపు శక్తి, 0.177 అంగుళాలకు మించని గొట్టం ఉన్న ఎయిర్ రైఫిల్‌కు 2016 నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. కాగితం టార్గెట్, వెనక ఏటవాలు రేకుపెట్టె. అంతా సరిగానే ఉంది. కానీ పెట్టె చుట్టూ ఏమీ లేకపోతే తప్పిపోయిన పెల్లెట్ రెండు మూడు వందల మీటర్లు పోగలదు. పక్క డాబామీద బట్టలు ఆరేసే ఆమె ఆ దారిలోనే ఉంటుంది. టార్గెట్ ఒప్పు, బట్ తప్పు అనే మాట ఇలాంటిచోట అర్థమవుతుంది.

పేలే టార్గెట్ల వీడియోలు విదేశాలనుంచి వస్తుంటాయి. గుండు తగిలితే పొగతో ఢాం అంటాయి. వాటిలో వాడే అమోనియం నైట్రేట్ మన దగ్గర 2012 నిబంధనల కింద లైసెన్సు సరుకు. క్వారీల జిల్లాలో అది దొరకడం తేలికేమో గానీ, టార్గెట్ కోసం వాడితే అది షూటింగ్ కేసుగా కాక పేలుడు పదార్థాల కేసుగా మారుతుంది.

చట్టం దేన్ని కాల్చొద్దంటుంది?

1959 ఆయుధాల చట్టం ఎవరి దగ్గర ఏ ఆయుధం ఉండొచ్చన్నది చెబుతుంది. ఇది టార్గెట్, ఇది కాదు అనే జాబితా అందులో లేదు. ఆ హద్దులు వేరే చట్టాల్లో విడివిడిగా ఉన్నాయి.

బతికున్న జంతువు సంగతి మొదట. బంధించి ఉంచిన జంతువులను వదిలి కాల్చే పోటీ పెట్టినా, అందులో పాల్గొన్నా 1960 జంతు క్రూరత్వ నిరోధక చట్టం 11వ సెక్షన్ కింద నేరం. పారిస్ పావురాల పోటీ ఇవాళ ఇక్కడ జరిపితే కేసు అవుతుందన్నమాట. తమాషా ఏమిటంటే మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. 1960నాటి అంకె అది. కొట్టింది అడవి పక్షినో, జంతువునో అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అందుకుంటుంది. అక్కడ శిక్ష జైలు. శేషాచలం అంచున, కౌండిన్య అభయారణ్యం పక్కన ఉన్న ఊళ్ళలో ఎయిర్ గన్‌తో నెమలినో కుందేలునో ‘ఊరికే టార్గెట్‌గా’ కొట్టానని చెబితే చెల్లదు.

అడవిపంది విషయంలో రైతులకు నిజమైన బాధ ఉంది. వేరుశనగ చేను రాత్రికి రాత్రి దున్నినట్టయిపోతుంది. పంట రక్షణకని తుపాకీ లైసెన్సు ఇచ్చే పద్ధతి ఉంది కూడా. కానీ ఆ లైసెన్సు తుపాకీకే గానీ పందికి కాదు. 2022 సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది. పంటకు ముప్పని తేల్చి అటవీ అధికారి అనుమతి ఇస్తేనే కాల్చడానికి వీలవుతుంది. రైతు సంఘాలు ఈ పద్ధతి ఆలస్యమని, కాగితం వచ్చేలోగా చేను పోతుందని అంటాయి. పందిని కొట్టే పేరుతో నాటు తుపాకులు, ఉచ్చులు పెరిగి వేరే జంతువులూ మనుషులూ పోతున్నారన్నది అటవీశాఖ వైపు మాట. ఇద్దరు చెప్పేదీ అబద్ధం కాదు.

పంది బొమ్మకు మాత్రం ఏ అభ్యంతరమూ లేదు. 50 మీటర్ల రన్నింగ్ టార్గెట్ పోటీలో ఇప్పటికీ పరిగెత్తేది అట్టమీద అచ్చేసిన అడవిపందే.

ఆకాశం కూడా టార్గెట్ కాదు. పెళ్ళిళ్ళలో, ఊరేగింపుల్లో గాల్లోకి కాల్చడాన్ని ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రత్యేక నేరం చేసింది. రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే సవరణ ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకు తగ్గించింది.

జాతీయ పతాకాన్ని బహిరంగంగా చింపడం, పాడుచేయడం 1971 చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడే నేరం. జెండా ముద్రించిన అట్టను టార్గెట్‌గా పెడితే అది ఆ చట్టం వాకిట్లోకి పోయినట్టే. దేవుడి పటాలు, మతచిహ్నాల విషయంలో భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ ఉంది. అందులో కీలకం ‘మతభావాలను గాయపరచాలన్న ఉద్దేశం’. తిరుపతిలో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పాల్సిన పని లేదనుకుంటాను.

మనిషి ఆకారం, మనిషి ఫోటో, మనిషి మొహం

గొడవలన్నిట్లోకీ పెద్దది ఇదే. దీన్ని మూడుగా విడదీస్తే తప్ప ముడి విడదు.

మొదటిది వట్టి ఆకారం: తల, భుజాలు ఉన్న నల్లటి అట్ట. సైన్యం, పోలీసు శిక్షణలో ఇది మామూలు. ఫిగర్ టార్గెట్ అంటారు. కల్యాణి డ్యామ్ దగ్గర పోలీసు శిక్షణ కళాశాల లాంటి చోట్ల తయారయ్యే కానిస్టేబుల్‌కు రేపు డ్యూటీలో ఎదురయ్యేది గుండ్రటి వలయాలు కాదు కాబట్టి, దీన్ని తప్పుపట్టేవాళ్ళు తక్కువ. ఈ వాదనకు చరిత్ర ఉంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఒక అమెరికా సైనిక చరిత్రకారుడు, యుద్ధంలో సైనికుల్లో నాలుగో వంతు మంది కూడా తుపాకీ పేల్చలేదని చెప్పాడు. 1950లలో అమెరికా సైన్యం వలయాల టార్గెట్లనుంచి లేచి పడే మనిషి ఆకారాలకు మారింది. ఆయన లెక్కలకు సరైన ఆధారాలు లేవని తర్వాతి చరిత్రకారులు తప్పుపట్టారు. శిక్షణ పద్ధతి మాత్రం నిలబడింది.

సామాన్యుల రేంజ్‌లో దీని గురించి రెండు మాటలున్నాయి. లైసెన్సు ఆత్మరక్షణకిచ్చి, ఆ సందర్భానికి దగ్గరగా ఉండే ప్రాక్టీసు వద్దంటే ఎలా అని తుపాకీ ఉన్నవాళ్ళు అడుగుతారు. ప్రమాదంలో చెయ్యి వణికి పక్కవాడికి తగలడం కన్నా ముందే నేర్చుకోవడం మేలు కదా అంటారు. క్రీడాకారులు, కోచ్‌లు వేరేలా చూస్తారు. పన్నెండేళ్ళ పిల్లలు వచ్చే చోట పక్క లేన్‌లో మనిషి ఆకారం వేలాడుతుంటే, ఈ ఆటను ఆటగా చూపించడానికి పడ్డ కష్టమంతా వృథా అంటారు. ప్రాక్టికల్ షూటింగ్ వాళ్ళు మధ్యేమార్గం తీశారు. తల ఉన్న అట్టతోపాటు తల లేని ఎనిమిది మూలల అట్టను కూడా అధికారికంగా పెట్టుకున్నారు. మనిషి ఆకారం నచ్చనిచోట దాన్ని వాడొచ్చు.

రెండోది ఊరూపేరూ లేని మనిషి ఫోటో. చేతిలో కత్తి ఒకరికి, సెల్‌ఫోన్ ఇంకొకరికి. ఎవరిని కాల్చాలో, ఎవరిని వదలాలో క్షణంలో తేల్చుకోవడం నేర్పే పోలీసు శిక్షణలో ఇవి వాడతారు. వదిలేయడం నేర్పడమే దీని అసలు ఉద్దేశం. అయితే ఏ ఫోటోలు పెడుతున్నారన్నది పెద్ద ప్రశ్న అవుతుంది. అమెరికాలోని నార్త్ మయామీ బీచ్ పోలీసులు నల్లజాతి యువకుల అరెస్టు ఫోటోలను టార్గెట్లుగా వాడారని 2015లో బయటపడింది. అదే రేంజ్‌కు వచ్చిన ఒక మహిళా సార్జెంట్ వాటిలో తన సోదరుడి ఫోటో చూసింది. గుండు రంధ్రాలతో. దేశమంతా గగ్గోలైంది.

మూడోది తెలిసిన మొహం. ఇక్కడ వాదనలు పల్చబడతాయి. 2019 జనవరి 30న అలీగఢ్‌లో గాంధీ బొమ్మను ఎయిర్ పిస్టల్‌తో కాల్చినప్పుడు కేసు పెట్టి అరెస్టులు చేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో కాబూల్‌లో బ్రిటిష్ సైనికులు అప్పటి ప్రతిపక్ష నాయకుడు జెరెమీ కోర్బిన్ ఫోటోను టార్గెట్‌గా పెట్టి కాల్చిన వీడియో బయటికొచ్చి విచారణ జరిగింది. బొమ్మను కాల్చడం దిష్టిబొమ్మ తగలబెట్టడం లాంటి నిరసనే, మనిషికేమీ కాలేదు కదా అనేవాళ్ళున్నారు. తగలబెట్టినవాడి చేతిలో ఆయుధం లేదు, కాల్చినవాడి చేతిలో ఉంది అన్నది జవాబు. నాకు ఈ రెండో మాటే సబబుగా తోస్తుంది. వట్టి ఆకారం విషయంలో ఇరుపక్షాల దగ్గరా సరుకుంది గానీ, మొహం దగ్గరికొచ్చేసరికి ‘శిక్షణ’ అనే కారణం నిలబడదు. గురి నేర్చుకోవడానికి ఫలానా వాడి ముక్కూ మూతీ అక్కర్లేదు.

నాయకుల్ని పక్కన పెట్టి ఊరి సంగతి చూద్దాం. పొలం గట్టు తగాదాలో ఉన్న ఇద్దరు దాయాదులు. ఒకాయనకు లైసెన్సు తుపాకీ ఉంది. రేంజ్‌లో అవతలాయన ఫోటో పెట్టి కాల్చి, ఆ వీడియో చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ‘ఇది కాగితం, రేంజ్ లోపల, అన్నీ పద్ధతిగానే’ అంటాడు. పోటీ నిబంధనలు ఆయనకు వర్తించవు. భద్రతపరంగా కాగితం మంచి టార్గెట్. కానీ భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్, అంటే బెదిరింపు నేరం, ఆ వీడియో దగ్గర మొదలవుతుంది. ప్రజల శాంతికి ముప్పు అనిపిస్తే ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద లైసెన్సును ఆపే, రద్దుచేసే అధికారం కూడా ఉంది. అదే ఫోటోను ఎవరికీ చూపకుండా కాల్చి చించేస్తే? చట్టం చేతికి దొరికేది తక్కువే. అక్కడ ఆపాల్సింది రేంజ్ ఆఫీసర్.

రేంజ్ సొంత నియమం

నాలుగో ‘వద్దు’ ఇక్కడనుంచే పుడుతుంది, చదివేవాళ్ళకు విసుగు తెప్పించేదీ ఇదే. ‘మా రేంజ్‌లో మనిషి బొమ్మలు, ఫోటోలు, సీసాలు, ఇంటినుంచి తెచ్చిన టార్గెట్లు నిషేధం’ అని బోర్డు ఉంటుంది. కారణం రాసి ఉండదు. రేంజ్ నడిపేవాళ్ళకు లైసెన్సు పునరుద్ధరణ ఉంటుంది, చుట్టుపక్కల ఇళ్ళుంటాయి, ప్రతి లేన్‌లోనూ ఒక సెల్‌ఫోన్ కెమెరా ఉంటుంది. ఒక్క వీడియో పాకితే సంజాయిషీ చెప్పాల్సింది కాల్చినవాడికన్నా ముందు వాళ్ళే. అందుకే చట్టం ఒప్పుకున్నవి కూడా కొన్ని తీసేస్తారు. ప్రైవేటు స్థలంలో అది వాళ్ళ హక్కు. అన్నిటినీ ఒకే బోర్డుమీద రాయడంవల్ల మాత్రం ప్రాణాలమీదికి తెచ్చే రాతి బట్, సరదాగా తెచ్చిన కార్టూన్ బొమ్మ ఒకే స్థాయి తప్పుల్లా కనిపిస్తాయి.

ఆత్మరక్షణ లైసెన్సు ఉన్న పెద్దాయన దగ్గరికి మళ్ళీ వస్తే, ఆయన అవసరం మనిషి బొమ్మ లేకుండానే తీరుతుంది. దగ్గరి దూరంలో తొందరగా, ఒకేచోట గుళ్ళు పడేలా కొట్టడమే ఆ ప్రాక్టీసు. ఏమీ రాయని ఏ4 కాగితం 210 మి.మీ. వెడల్పు, 297 మి.మీ. పొడవు. మనిషి ఛాతీలో గురి పెట్టే భాగానికి ఇంచుమించు అదే కొలత. చాలా దేశాల్లో తుపాకీ నేర్పేవాళ్ళు మొదటిరోజు టేపుతో అంటించేది అలాంటి తెల్లకాగితాన్నే.